కానరీలను జత కట్టించడం: ఎప్పుడు, ఎలా

కానరీలు పెంచేవాళ్లు ఎక్కువగా తొందరపడేది ఒక్క దగ్గరే. మగపిట్ట గొంతెత్తి పాడటం మొదలెట్టగానే సీజన్ వచ్చేసిందని ఆడపిట్టను తీసుకెళ్లి దాని పంజరంలో వదిలేస్తారు. కానీ మగపిట్ట సాధారణంగా ఆడపిట్ట కంటే ముందే జతకు సిద్ధమైపోతుంది. ఆడపిట్ట ఇంకా సిద్ధంగా లేకపోతే మగది దాన్ని పంజరమంతా తరుముతుంది, పొడుస్తుంది, తల మీద ఈకలు పీకేస్తుంది. ఆ టెన్షన్‌లో గుడ్లు పెట్టినా చాలావాటిలో పిల్ల కట్టదు. జత కలిపే రోజును నిర్ణయించేది ఆడపిట్టే. ఈ మాట గుర్తుంటే మిగతా పని సగం తేలికవుతుంది.

ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి

ఒక జంట ఒక్కో విడతలో 3 నుంచి 5 పిల్లలను లేపుతుంది. రెండు విడతలైతే పది దాకా వస్తాయి. వాటిలో మగపిల్లలు పెద్దయ్యాక ఒకే పంజరంలో ఇమడవు, కొట్టుకుంటాయి. కానరీ బాగా చూసుకుంటే 10 ఏళ్లు బతుకుతుంది. ఇన్ని పిట్టలకు చోటు, మేత, రోజూ శుభ్రం చేసే సమయం ఉన్నాయా? లేకపోతే వాటిని బాగా చూసుకునేవాళ్లు ముందే దొరికారా? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఈ ఏడాది గూడు పెట్టకండి. జత కట్టకపోయినంత మాత్రాన కానరీకి ఏ లోటూ రాదు.

జంటను ఎంచుకోవడం

రెండు పిట్టలకూ దాదాపు ఏడాది వయసు నిండాలి. అంతకంటే చిన్న ఆడపిట్టకు గుడ్డు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. మొదటి మూడు నాలుగేళ్లలో ఆడపిట్టలు బాగా పొదుగుతాయి, ఆ తర్వాత గుడ్లు తగ్గుతాయి.

చాలా కానరీలలో రంగు చూసి ఆడా మగా చెప్పలేం. పాటే మొదటి ఆనవాలు: మగపిట్ట గొంతు ఉబ్బించి, ఆపకుండా, మలుపులు తిప్పుతూ పాడుతుంది. ఆడపిట్ట కిచకిచలాడుతుంది, అప్పుడప్పుడు చిన్న కూత కూస్తుంది. అయితే కొన్ని ఆడపిట్టలు కూడా కొంచెం పాడతాయి కాబట్టి అనుమానం ఉంటే సీజన్ దగ్గరపడ్డాక పిట్టను మెల్లగా చేతిలోకి తీసుకుని పొట్ట కింది ఈకలను ఊది చూడండి. మగదానికి విసర్జన ద్వారం చిన్న బొడిపెలా ముందుకు పొడుచుకొస్తుంది. ఆడదానికి అది పొట్టతో పాటు సాఫీగా, గుండ్రంగా ఉబ్బి ఉంటుంది.

జంటను కలిపేటప్పుడు రంగు ముచ్చట కంటే ఆరోగ్యం ముందు. ఇక్కడ మూడు విషయాలు తప్పకుండా తెలుసుకోవాలి. తల మీద టోపీలాంటి జుట్టున్న కానరీని మళ్లీ జుట్టున్నదానితో కలపకండి. ఆ లక్షణం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చిన పిల్ల బతకదు, అంటే సగటున నాలుగో వంతు పిల్లలు గుడ్డులోనే పోతాయి. జుట్టున్నదాన్ని ఎప్పుడూ నున్నటి తల ఉన్నదానితోనే కలపాలి. డామినెంట్ వైట్ అనే తెల్ల రకానికి కూడా ఇదే నియమం: తెల్లదానికి తెల్లది వద్దు. మూడోది ఈకల సంగతి. కొన్ని కానరీల ఈకల రంగు చివరిదాకా చిక్కగా ఉంటుంది, ఈక సన్నగా, బిగుతుగా ఉంటుంది. మరికొన్నింటికి ఈకల అంచు తెల్లగా మంచు పట్టినట్టుంటుంది, ఈక మెత్తగా, వెడల్పుగా ఉంటుంది. ఒకదాన్ని రెండో రకంతో కలిపితేనే పిల్లల ఈకలు సరిగా వస్తాయి. మెత్తటి ఈకలవాటినే తరాల తరబడి కలుపుకుంటూ పోతే ఈకలు చర్మం దాటి బయటికి రాలేక లోపలే చుట్టుకుపోయి గడ్డలు కడతాయి. అది పిట్టకు జీవితాంతం నొప్పి. అన్నాచెల్లెళ్లను కలపకూడదని వేరే చెప్పక్కర్లేదు.

ఎప్పుడు?

కానరీకి సీజన్ తెలియజేసేది పగటి వెలుతురు. రోజులు పొడవయ్యేకొద్దీ దాని ఒంట్లో హార్మోన్లు మేలుకుంటాయి. అందుకే సహజంగా వసంతకాలంలో గూడు కడుతుంది. ఉత్తరార్ధగోళంలో చాలామంది మార్చి, ఏప్రిల్ నెలల్లో జత కలుపుతారు, దక్షిణార్ధగోళంలో ఇది ఆరు నెలలు తేడాగా జరుగుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండే చోట్ల పగలు పెద్దగా పెరగదు తరగదు కాబట్టి అక్కడ లైటు పెట్టి వెలుతురు పెంచాల్సి వస్తుంది.

పగలు, లైటు కలిపి మొత్తం 14 గంటల వెలుతురు వచ్చేదాకా పెంచండి. ఒక్కసారిగా పెంచకూడదు. వారానికి అరగంట చొప్పున పెంచుకుంటూ వెళ్తే ఆడపిట్ట శరీరం దానికి తగ్గట్టు మారుతుంది. ఒకేసారి ఎక్కువ వెలుతురిస్తే మగపిట్టలు తొందరగా ఉరకలేస్తాయి, ఆడపిట్టలు వెనకబడతాయి, మళ్లీ అదే గొడవ. రాత్రి లైటు ఆర్పేటప్పుడు కూడా ఒక్కసారిగా చీకటి చేయకండి. మేత తినడానికి దిగిన తల్లి చీకట్లో గూటికి తిరిగి వెళ్లలేదు, గుడ్లు రాత్రంతా చల్లబడిపోతాయి. పెద్ద లైటు ఆర్పాక అరగంట పాటు మసక లైటు ఉండేలా చూడండి. ఒక్క టైమరు కొనుక్కుంటే ఈ పనంతా అదే చూసుకుంటుంది.

గది 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ఎండలు ముదిరి, గది వేడెక్కే రోజులకు ముందే పిల్లలు ఎదిగేలా లెక్క వేసుకోండి. పిట్టలు ఈకలు రాలుస్తున్నప్పుడు మాత్రం ఏ పరిస్థితిలోనూ జత కలపకండి.

ఆరు వారాల ముందు నుంచి చేయాల్సినవి

మామూలు గింజల మేతకు తోడుగా వారానికి రెండు మూడుసార్లు ఎగ్ ఫుడ్ మొదలెట్టండి. దీన్ని ఇంట్లోనే చేసుకోవచ్చు. గుడ్డును 10 నిమిషాలు గట్టిగా ఉడికించి, ఉప్పూ చక్కెరా లేని బ్రెడ్ పొడి లేదా రస్కు పొడి కలిపి, చేతికి అంటకుండా పొడిపొడిగా వచ్చేలా మెదపాలి. బ్రోకలీ, కేల్ లాంటి ఆకుకూరలు బాగా కడిగి ఇవ్వండి. పాలకూర తరచుగా వద్దు, అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియంను ఒంటికి పట్టనివ్వదు. అవకాడో పిట్టలకు విషం.

కటిల్ బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని తెల్లటి ఎముకలాంటి ముక్క) పంజరంలో ఎప్పుడూ ఉండాలి. గుడ్డు పెంకుకు కావాల్సిన కాల్షియం అందులోంచే వస్తుంది. అయితే కాల్షియం తిన్నంత మాత్రాన సరిపోదు, అది ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో అది తయారు కాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. ఇంట్లోనే ఉండే పిట్టలకు డి3 కలిపిన సప్లిమెంట్ డబ్బా మీద రాసిన మోతాదులోనే ఇవ్వండి. మోతాదు మించితే అదీ హాని చేస్తుంది.

రెండు పిట్టల గోళ్లూ చూడండి. పొడవుగా ఉంటే ఇప్పుడే కత్తిరించండి, లేకపోతే గుడ్లకు చిల్లులు పడతాయి, గోటికి చిక్కుకున్న పిల్ల గూటి బయట పడుతుంది. కత్తిరించేటప్పుడు గోటిని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల ఎర్రటి రక్తనాళం కనబడుతుంది. దానికి తగలకుండా కొసను మాత్రమే తీయండి.

ఎర్రనల్లుల సంగతి మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోకండి. ఇవి పగలు పంజరం సందుల్లో, కర్రల చివర్లలో దాక్కుని రాత్రి బయటికొచ్చి పిట్టల రక్తం తాగుతాయి. గూట్లో కదలకుండా కూర్చునే తల్లి, ఈకలు లేని పిల్లలు వీటికి సులువుగా దొరుకుతాయి. రెండు మూడు రాత్రుల్లో పిల్లలన్నీ పాలిపోయి చనిపోవచ్చు. రాత్రిపూట పంజరం మీద తెల్లగుడ్డ కప్పి తెల్లవారకముందే టార్చితో దాని లోపలి వైపు చూడండి. గసగసాలంత ఎర్రటి చుక్కలు కదులుతుంటే అవే. పంజరం ఖాళీ చేసి, మరిగే నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పక్షుల డాక్టరు చెప్పిన మందు వాడాకే జత గురించి ఆలోచించండి.

పంజరం, గూడు

60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు, ఎత్తు ఉన్న పంజరం ఒక జంటకు సరిపోతుంది. మధ్యలో తీసి పెట్టుకోగలిగే తీగల అడ్డు ఉండాలి. ఈ అడ్డు జంటను కలిపేటప్పుడు పనికొస్తుంది, మళ్లీ పిల్లలు గూడు దిగాక పనికొస్తుంది. పంజరాన్ని కంటి ఎత్తులో, గోడకు ఆనించి, మనుషుల రాకపోకలు తక్కువున్న చోట పెట్టండి. వంటగదికి దూరంగా ఉండాలి. నాన్‌స్టిక్ పెనం మాడినప్పుడు వచ్చే పొగ పిట్టలను నిమిషాల్లో చంపేస్తుంది.

పిట్టలు కూర్చునే కర్రలు ఊగకుండా బిగించి ఉండాలి. జతకట్టేది ఆ కర్ర మీదే. కర్ర కదిలితే మగపిట్ట జారిపోతుంది, గుడ్లన్నీ ఖాళీగా తేలతాయి. గుడ్లలో పిల్ల కట్టలేదని మగపిట్టను మార్చేవాళ్లు ముందు కర్రను కదిపి చూడాలి.

గూటికి 10 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గిన్నెలాంటి నెస్ట్ పాన్ తీసుకుని లోపల ఫెల్ట్ గుడ్డ కుట్టండి. గూడు అల్లుకోవడానికి గోనెపట్టా పీచు, కొబ్బరిపీచు ఇవ్వొచ్చు. పీచును 5 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. అంతకంటే పొడవైన దారాలు, సన్నటి నైలాన్ పోగులు పిట్టల కాళ్లకు చుట్టుకుని రక్తం ఆడకుండా బిగిస్తాయి.

కలపడం

అడ్డుకు ఒకవైపు మగపిట్టను, రెండో వైపు ఆడపిట్టను వదలండి. ఆడపిట్ట వైపు నెస్ట్ పాన్, కాస్త పీచు పెట్టండి. ఇక చూస్తూ ఉండండి. కొన్ని జంటలకు నాలుగు రోజులు చాలు, కొన్నింటికి రెండు వారాలు పడుతుంది.

మగపిట్ట రెక్కలు వాల్చి, అడ్డు దగ్గరికొచ్చి, అటూ ఇటూ ఊగుతూ పాడుతుంది. అది దాని పని. మీరు గమనించాల్సింది ఆడపిట్టను. పీచు ముక్కో ఈకో ముక్కున పట్టుకుని పంజరంలో తిరుగుతుంది. రెక్కలు టపటపలాడిస్తూ మగదాన్ని పిలుస్తుంది. మగది పాడినప్పుడు తోక ఎత్తి కర్ర మీద వంగి కూర్చుంటుంది. అన్నింటికంటే నమ్మకమైన గుర్తు, తీగల సందుల్లోంచి మగది నోటికి నోరు ఆనించి మేత తినిపిస్తుంటే ఇది తీసుకోవడం. ఈ గుర్తులు రెండు రోజులు వరసగా కనబడితే ఉదయం పూట అడ్డు తీసేయండి.

మొదటి గంట అక్కడే ఉండండి. కొంచెం తరుముకోవడం మామూలే. ఈకలు ఊడేలా పొడుచుకుంటే, ఆడపిట్ట ఓ మూలకు నక్కి కూర్చుంటే అడ్డు మళ్లీ పెట్టేసి నాలుగు రోజులు ఆగండి.

గుడ్లు

గూడు కట్టుకున్నాక వారం లోపు మొదటి గుడ్డు వస్తుంది. తెల్లవారుజామునే పెడుతుంది, ఆ తర్వాత రోజుకొకటి చొప్పున నాలుగైదు పెడుతుంది. లేత నీలం మీద గోధుమ రంగు చుక్కలుంటాయి.

ఇక్కడ పెంపకందారులు పాటించే మంచి పద్ధతి ఒకటుంది. చాలా ఆడపిట్టలు రెండో గుడ్డుకో మూడో గుడ్డుకో పొదగడం మొదలెడతాయి. అప్పుడు పిల్లలు ఒకేరోజు బయటికి రావు. మొదటి పిల్ల రెండు మూడు రోజులు పెద్దదైపోతుంది, చివరిది దాని కింద నలిగి, మేత అందక చనిపోతుంది. అది జరగకుండా రోజూ ఉదయం పెట్టిన గుడ్డును చిన్న ప్లాస్టిక్ చెంచాతో తీసి, దాని చోట బొమ్మ గుడ్డు పెట్టండి. తీసిన గుడ్లను దూది పరిచిన డబ్బాలో, చల్లటి నీడలో దాచి, రోజుకు రెండుసార్లు మెల్లగా అటు పక్క నుంచి ఇటు పక్కకు తిప్పండి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. నాలుగో రోజు సాయంత్రం బొమ్మ గుడ్లు తీసేసి అసలు గుడ్లన్నీ ఒకేసారి గూట్లో పెట్టండి. ఆ తేదీ పంజరం మీద రాసి అంటించండి. రోజూ ఉదయం మీరు ఇంట్లో ఉండగలిగితేనే ఈ పద్ధతి పెట్టుకోండి. మధ్యలో వదిలేస్తే గజిబిజి అవుతుంది, అంతకంటే పిట్టకే వదిలేయడం మేలు.

ఈ రోజుల్లో ఆడపిట్ట ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, తోక పైకీ కిందికీ కొట్టుకుంటూ ముక్కుతుంటే గుడ్డు ఇరుక్కుందని అర్థం. ఇది గంటల్లో ప్రాణం తీసే పరిస్థితి. వెంటనే దాన్ని 28 నుంచి 30 డిగ్రీల వెచ్చటి చోటికి మార్చి పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొట్ట నొక్కి గుడ్డు బయటికి తేవాలని చూడకండి. లోపల పగిలితే పిట్ట దక్కదు.

పొదిగే రెండు వారాలు

గుడ్లన్నీ పెట్టిన రోజు నుంచి 13, 14 రోజులు లెక్కపెట్టండి. పొదిగేది ఆడపిట్టే. మంచి మగపిట్ట దానికి మేత తెచ్చి తినిపిస్తుంది. మగది గూడు పీకుతున్నా, గుడ్లను పొడుస్తున్నా అడ్డు పెట్టి వేరు చేయండి. ఆడది ఒక్కటే పిల్లలను పెంచగలదు.

ఏడో రోజున, తల్లి మేతకు దిగినప్పుడు, గది చీకటి చేసి చిన్న టార్చి వెలుతురులో గుడ్డును చూడొచ్చు. ఎర్రటి సన్న నరాలు కనబడితే పిల్ల పెరుగుతోంది. పసుపు రంగులో తేటగా ఉంటే ఖాళీ. చూడటం తప్పనిసరేం కాదు, చేయి తిరగకపోతే మానేయండి. ఈ రెండు వారాల్లో పంజరం చోటు మార్చడం, పెద్దగా శుభ్రం చేయడం వద్దు. 12వ రోజు నుంచి స్నానానికి లోతు తక్కువ గిన్నెలో నీళ్లు పెట్టండి. తల్లి తడి ఈకలతో కూర్చుంటే గుడ్లకు తేమ అందుతుంది, పెంకు లోపలి పొర ఎండిపోదు. 14వ రోజు దాటినా కంగారు పడకండి, 16 దాకా ఆగండి. పిల్లను బయటికి తీయాలని పెంకు ఒలవకండి.

పిల్లలు వచ్చాక

పుట్టిన మొదటి కొన్ని గంటలు పిల్ల కడుపులో మిగిలిన సొన సరిపోతుంది. ఆ తర్వాత అంతా తల్లి నోటి మీదే ఆధారం. ఎగ్ ఫుడ్ రోజుకు మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా, తాజాగా పెట్టండి. మొదటిది తెల్లవారగానే అందాలి. వేడిగా ఉంటే రెండు గంటలు దాటిన ఎగ్ ఫుడ్ తీసి పారేయండి. పాడైన ఎగ్ ఫుడ్‌తో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటాయి, గూడు తడిసిపోతుంది, తల్లి పొట్ట ఈకలు చెమట పట్టినట్టు తడిగా కనబడతాయి. అలా కనబడితే గూడు మార్చి వెంటనే డాక్టరును అడగండి. నానబెట్టి తెల్లటి మొలక కొస వచ్చిన గింజలు కూడా చాలా మంచివి. పులిసిన వాసన వస్తే మాత్రం పెట్టకండి.

పిల్లలకు మేత అందుతోందా అని రోజుకు రెండుసార్లు దూరం నుంచి చూస్తే చాలు. మెడ పక్కన పలచటి చర్మం కింద మేత సంచి నిండి, లోపలి పసుపు రంగు బయటికి కనబడాలి. సాయంత్రం అది నిండుగా ఉండటం ముఖ్యం, రాత్రంతా మళ్లీ మేత ఉండదు కదా.

పిట్టను గుర్తుపట్టడానికి కాలికి నంబరున్న, మూసి ఉండే రింగు వేయాలనుకుంటే ఐదో రోజు నుంచి ఎనిమిదో రోజు లోపు వేయాలి. రోజు ఏదైనా సాయంత్రం వేయండి. గూడు శుభ్రంగా ఉంచుకునే తల్లి మెరిసే రింగును రెట్ట అనుకుని పిల్లతో సహా బయట పడేయగలదు. పిల్లలు గూటి అంచు మీద రెట్ట వేయడం మొదలెట్టాక ఆ ప్రమాదం తగ్గుతుంది. ఏడో రోజుకల్లా కళ్లు తెరుస్తాయి.

గూడు దిగడం, రెండో విడత

16వ రోజు నుంచి 20వ రోజు లోపు పిల్లలు గూడు దిగుతాయి. సరిగ్గా ఎగరలేవు, కానీ తిరిగి గూట్లో పెట్టాలని వెంటపడకండి. లోతైన నీళ్ల గిన్నెలు తీసేయండి. ఇక మేత పెట్టే పని ఎక్కువగా తండ్రి అందుకుంటుంది.

ఈ సమయానికే తల్లి మళ్లీ గూటి కోసం వెతుకుతుంది. పీచు దొరక్కపోతే పిల్లల వీపు మీద, తోక మీద మెత్తటి ఈకలు పీకుతుంది. కాబట్టి పిల్లలకు 16 రోజులు రాగానే రెండో నెస్ట్ పాన్, కొత్త పీచు పెట్టండి. అయినా పీకుతుంటే తీగల అడ్డు పెట్టి పిల్లలను ఒకవైపు ఉంచండి. సందుల్లోంచి మేత తినిపించుకుంటాయి.

ఏడాదికి రెండు విడతలు చాలు. ఆడపిట్ట బరువు తగ్గకుండా, చురుగ్గా ఉంటే మూడు దాకా వెళ్లేవాళ్లున్నారు, కానీ ప్రతి విడతా దాని ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుంది. నా మాట వింటే రెండో విడతతో ఆపేయండి. గూడు తీసేసి, జంటను విడదీసి, వెలుతురు వారం వారం తగ్గిస్తూ రండి.

విడిగా ఉంచడం

పిల్లలకు నాలుగు వారాలు నిండి, వాటంతట అవి తింటున్నట్టు మీ కళ్లతో చూశాకే వేరు చేయండి. ముక్కు మేతలో పెట్టడం వేరు, మింగడం వేరు. ఒకరోజు విడిగా ఉంచి, సాయంత్రం ఒళ్లు ఉబ్బించుకుని నీరసంగా ఉన్నదాన్ని తండ్రి దగ్గరికి పంపేయండి. గట్టి గింజను పగలగొట్టే బలం ముక్కుకు ఆరు వారాలకు గానీ రాదు. అప్పటిదాకా ఎగ్ ఫుడ్, మొలక గింజలు ఆపకుండా, గట్టి గింజల పాళ్లు మెల్లగా పెంచండి. పిల్లలు ఎక్కువగా పోయేది ఈ రెండు వారాల్లోనే, అదీ మేత ఒక్కసారిగా మార్చడం వల్లనే.

నెలన్నర, రెండు నెలల వయసుకు మగపిల్లలు గొంతులోనే గుసగుసగా పాట సాధన చేయడం మొదలెడతాయి. అలా గుర్తుపట్టిన వెంటనే వాటి రింగు నంబరు, తల్లిదండ్రుల వివరం, పుట్టిన తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టండి. వచ్చే ఏడాది ఎవరిని ఎవరితో కలపకూడదో ఆ పుస్తకం చూసే తేల్చుకోవాలి.